రాక్షసుల తొండాట!

బంతి చేతికందగానే అస్థిపంజరం పరుగు లంకించుకుంది. ఎదురుగా గున్న ఏనుగులాంటి భూతం అడ్డొచ్చింది. దాన్ని తప్పించుకుని పక్కకి దూకింది. దూకిన చోట మందుపాతర! ఢామ్మంటూ పుర్రె ఒకవైపు, పక్కటెముకలు ఇంకోవైపు ఎగిరిపడ్డాయి. దొర్లుకుంటూ పోతున్న బంతిని ఓ మరమనిషి అందుకుంది. అంతలో రిఫరీ ఈల వేశాడు. తప్పెవరిదయ్యా అంటే... ముక్కలైపోయిన వాడి జట్టుదేనట! ఎందుకంటే అయ్యగారికి అవతలి జట్టు నుంచి ముడుపులు అప్పటికే అందాయి.

ఇవేవో పాతాళలోకంలో జరిగే పండగ పోటీలు కావు. 1993లో అమెరికాలో విడుదలైన ఓ వీడియోగేమ్‌లో దృశ్యం. ఆ ఆట పేరు 'మ్యూటెంట్ లీగ్ ఫుట్‌బాల్'. సెగా సంస్థ తయారుచేసిన జెనెసిస్ అనే యంత్రం మీద ఆడేవారు. మన దేశంలోనూ, ఐరోపాలోనూ అదే యంత్రాన్ని మెగా డ్రైవ్ అన్నారు. తయారు చేసింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద సంస్థ. ఊహించింది మైకేల్ మెండ్‌హైమ్ అనే రూపకర్త. అణుధార్మికత వల్ల వికృతంగా మారిపోయిన జీవులు, సమాధుల్లోంచి లేచొచ్చిన ఎముకల గూళ్లు, గ్రహాంతరవాసులు, భూతాలు, మరమనుషులు... అందరూ కలిసి జట్లు కట్టి బంతాట ఆడితే ఎలా ఉంటుంది? అదే కథ.

90ల్లో శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో పెరిగిన పిల్లలు ఈ ఆట చూసి ఉండే అవకాశం తక్కువే. మెగా డ్రైవ్‌ని ఆ దశాబ్దం మధ్యలో షా వాలెస్ సంస్థ మన దేశంలో అమ్మినా, అది మధ్యతరగతి ఇంటి గడప తొక్కే ధర కాదు. మన ఇళ్లకి వచ్చినవి అంతకన్నా పాతతరం నకలు యంత్రాలు. టీవీ వెనకాల తీగ గుచ్చి, పసుపురంగు క్యాసెట్ పెట్టి, అది ఆడకపోతే బయటికి తీసి నోటితో ఊది మళ్లీ పెట్టి... ఆ తంతు గుర్తున్నవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. తీరా చూస్తే లోపలున్న ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్... వాటినే పేర్లు మార్చి తిప్పి తిప్పి చూపించేవారు. తొండి అక్కడే మొదలైందన్నమాట!

చెడుగుడుకి చుట్టం

ముందు అసలు ఆట సంగతి. అమెరికా ఫుట్‌బాల్‌కీ మనకి తెలిసిన ఫుట్‌బాల్‌కీ పేరులో తప్ప పోలిక లేదు. దాన్ని చెడుగుడుకి దూరపు చుట్టం అనుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడా ఇక్కడా చేయాల్సింది ఒకటే- అవతలివాడి గడ్డ మీదికి చొచ్చుకెళ్లడం. చెడుగుడులో కూత ఉంటే, ఇందులో కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉంటుంది. పదకొండు మంది అటు, పదకొండు మంది ఇటు. బంతి పట్టిన జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. అలా పోయి పోయి చివరి గీత దాటితే ఆరు పాయింట్లు.

దీన్ని టీవీ తెరమీద బాగా ఆడించిన ఆట 'జాన్ మ్యాడెన్ ఫుట్‌బాల్'. అదీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌దే. మెండ్‌హైమ్ బృందం ఆ ఆటకున్న యంత్రాంగాన్నే తీసుకుని మనుషుల స్థానంలో రాక్షసుల్ని దింపింది. అందుకే పైకి వెకిలిగా కనిపించినా లోపల గట్టి ఆట ఉంది. అస్థిపంజరాలు చురుగ్గా పరిగెడతాయి, కానీ ఒక్క దెబ్బకి విరిగిపోతాయి. భూతాలు నెమ్మది, కానీ కదిలించడం కష్టం. ఎవర్ని ఎక్కడ పెట్టాలి, ఎవరి చేతికి బంతినివ్వాలి అని ఆలోచించకపోతే ఓటమి ఖాయం.

మైదానాలు కూడా మామూలువి కావు. ఒకచోట నిప్పుల గుంటలు. ఇంకోచోట మందుపాతరలు. ఆటగాడు చచ్చిపోతే ఆ మ్యాచ్‌కి అంతే సంగతులు. ఒక జట్టులో చావులు మరీ ఎక్కువైతే ఆడేవాళ్లు చాలక ఆట అవతలివాళ్లకి అప్పగించేయాలి. అంటే ఒక్క పాయింటు సాధించకపోయినా ఎదుటి జట్టుని మట్టుబెట్టి గెలవొచ్చు!

ఇక లంచం సంగతి. ప్రతి జట్టుకీ కొన్ని దొంగ ఎత్తులుంటాయి. అందులో ఒకటి రిఫరీని కొనేయడం. కొన్నాక ఆయన ఎదుటి జట్టు మీద లేనిపోని తప్పులు మోపుతూ పోతాడు. మరి ఎదుటివాళ్లకి దారేది? రిఫరీని చంపేయడమే! అందుకూ ఒక ఎత్తు ఉంది.

బలరాముడి కోపం

అమెరికా వాడికి కొత్తగా తోచిన ఈ ఆలోచన మనకి మరీ కొత్తేం కాదు. రాక్షసులతో పోటీలంటే మన భీముడి తరవాతే ఎవరైనా. హిడింబాసురుడు, బకాసురుడు... వరసపెట్టి మట్టికరిపించాడు. జరాసంధుడితో కుస్తీ ఎంతకీ తెగకపోతే శ్రీకృష్ణుడు పుల్లని నిలువునా చీల్చి రెండు ముక్కల్నీ తలకిందులుగా విసిరి చూపించాడని కథ. గీత అవతల నిలబడి కోచ్ చేసే సైగ అంటే అదే కదా!

తొండి సంగతికొస్తే గదాయుద్ధాన్ని మించిన ఉదాహరణ లేదు. నాభికి దిగువన కొట్టకూడదన్నది నియమం. భీముడేమో దుర్యోధనుడి తొడ విరగ్గొడతానని శపథం చేసి ఉన్నాడు. కృష్ణుడి మనసు గ్రహించి అర్జునుడు తన తొడ చరిచి గుర్తుచేశాడు. దెబ్బ పడింది. ఇద్దరికీ గద పట్టడం నేర్పిన గురువు బలరాముడు అక్కడే ఉన్నాడు. నియమం తప్పావంటూ నాగలి ఎత్తి భీముడి మీదికి వెళ్లబోయాడు. కృష్ణుడు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆ తొడ దెబ్బ న్యాయమా, అన్యాయమా అని మన ఊళ్లలో పౌరాణిక నాటకం అయ్యాక అరుగుల మీద కూర్చుని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు.

రెండు ఊళ్లు... రెండు స్టేడియాలు

ఇంత దూరం వచ్చాక ఉత్తరాంధ్ర పాఠకులకి రెండు పేర్లు గుర్తురాక మానవు. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరు. విజయనగరంలో స్టేడియానికి విజ్జీ పేరు. ఒకరు కండబలానికి చిరునామా. ఇంకొకరు ఆటని ఆట బయట ఎలా ఆడొచ్చో చూపించిన పెద్దమనిషి.

1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు విజయనగరంలో కసరత్తులు నేర్చి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తరవాత సర్కస్ కట్టాడు. ఛాతీ మీదికి ఏనుగునెక్కించుకోవడం, ఒంటికి చుట్టిన గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచడం, రెండు కార్లని కదలకుండా పట్టి ఆపడం... ఆయన ప్రదర్శనల గురించి చెప్పుకొనే మాటలివి. జనం 'కలియుగ భీముడు' అన్నారు. ఇంగ్లాండు వెళ్లి ఐదో జార్జి దంపతుల ముందు బలప్రదర్శన చేస్తే 'ఇండియన్ హెర్క్యులస్' అన్నారు. వీడియోగేమ్‌లో పెట్టినా నమ్మశక్యం కాని మనిషి! అంతటి వాడికీ చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే శస్త్రచికిత్స చేయించుకున్నాడని చెబుతారు. 1942లో ఒడిశాలోని బలంగీర్ సంస్థానంలో కన్నుమూశాడు.

విజయానంద గజపతిరాజు కథ వేరు. విజయనగరం రాజకుటుంబంలో 1905లో పుట్టారు. ప్రపంచం మొత్తానికీ ఆయన విజ్జీ. క్రికెట్ అంటే పిచ్చి ప్రేమ. ఆ ప్రేమకి తగ్గ డబ్బూ ఉంది. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లాండు హేమాహేమీల్ని రప్పించి తన జట్టులో ఆడించారు. ఆ రోజుల్లో మన కుర్రాళ్లకి అలాంటి ఆటగాళ్ల పక్కన నిలబడే వీలు దొరకడం చిన్న విషయమేం కాదు. అంతవరకూ బాగానే ఉంది. 1936లో ఇంగ్లాండు వెళ్లిన భారతజట్టుకి ఆయనే నాయకుడయ్యారు. ఆటని బట్టి కాదు, పలుకుబడిని బట్టి. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి చేసింది 33 పరుగులు. జట్టులో అందరికన్నా ఊపుమీదున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. సిరీస్ 0-2తో పోయింది.

ఆ పర్యటన మీద క్రికెట్ లోకంలో ఇప్పటికీ చెప్పుకొనే ముచ్చట్లు రెండున్నాయి. తనకి తేలికపాటి బంతులు వేయించమని ఓ కౌంటీ జట్టు నాయకుడికి విజ్జీ బంగారు గడియారం ఇచ్చారన్నది ఒకటి. సొంత జట్టువాడే అయిన విజయ్ మర్చంట్‌ని రనౌట్ చేయమని ముస్తాక్ అలీకి చెప్పారన్నది రెండోది. ఆ ఇద్దరూ కలిసి మాంచెస్టర్ టెస్టులో తొలి వికెట్‌కి 203 పరుగులు జోడించారు! విచిత్రం ఏమిటంటే ఆ పర్యటనలో ఉండగానే విజ్జీకి 'సర్' బిరుదు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో దాన్ని ఆయన వదులుకున్నారు. తరవాత భారత క్రికెట్ బోర్డుకి అధ్యక్షులయ్యారు. విశ్వవిద్యాలయాల జట్ల మధ్య ఆయన పేరిట పోటీలూ పెట్టారు. మంచీ చెడూ రెండూ ఉన్న మనిషి.

మ్యూటెంట్ లీగ్‌లో ఒక మీట నొక్కితే జరిగిపోయే పనికి పట్టు సూట్లు, రాజలాంఛనాలు తొడిగితే ఎలా ఉంటుందో 1936 చెబుతుంది. రాక్షసుల ఆటలో అయితే కనీసం ఎవరు ఎవర్ని కొన్నారో తెరమీద కనిపిస్తుంది.

ఎముకల జాక్సన్

ఆటలోని పేర్లలోనే సగం ఎగతాళి ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 'ఫార్టీనైనర్స్'ని వెక్కిరిస్తూ 'సిక్స్‌టీ వైనర్స్' అని పెట్టారు. అంటే ఏడుపుగొట్టు జట్టని. షికాగో జట్టుని అభిమానులు 'మాన్‌స్టర్స్ ఆఫ్ ద మిడ్‌వే' అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇక్కడ నిజంగానే రాక్షసుల్ని పెట్టి 'మిడ్‌వే మాన్‌స్టర్స్' అన్నారు. ఆ జట్టులోని మేటి ఆటగాడు ఒక అస్థిపంజరం. పేరు బోన్స్ జాక్సన్.

ఈ పేరు వినగానే అమెరికా వాళ్లకి బో జాక్సన్ గుర్తొస్తాడు. ఫుట్‌బాల్, బేస్‌బాల్... రెండింటిలోనూ అగ్రశ్రేణి ఆటగాడు. రెండు ఆటల్లో ఏకకాలంలో అంతగా వెలిగినవాళ్లు అరుదు. 1991 జనవరిలో ఓ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వెనకనుంచి పట్టుకుని పడేస్తే అతని తుంటి కీలు పక్కకి జరిగిపోయింది. రక్తప్రసరణ ఆగి ఎముక చచ్చుబడింది. ఫుట్‌బాల్ అక్కడితో ముగిసింది. 1992లో కృత్రిమ తుంటి అమర్చారు. 1993లో ఆ తుంటితోనే బేస్‌బాల్‌కి తిరిగొచ్చి, ఎదుర్కొన్న మొదటి అవకాశంలోనే హోమ్‌రన్ కొట్టాడు. సరిగ్గా అదే ఏడాది టీవీ తెరమీద ఎముకల జాక్సన్ పరిగెత్తాడు. నవ్వు తెప్పించే పేరే. వెనకున్న నొప్పి తెలిస్తే నవ్వు కాస్త తగ్గుతుంది.

అసలు మనుషులతో ఆడించే మ్యాడెన్ ఆటల్లో ఈ నొప్పిని ఎలా చూపించారో చూడండి. 90ల మొదట్లో వచ్చిన ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలితే మైదానంలోకి అంబులెన్స్ దూసుకొచ్చేది. దారిలో ఉన్న ఆటగాళ్లనీ గుద్దుకుంటూ పోయేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. తరవాతి ఆటల్లో ఆ అంబులెన్స్ మాయమైంది. ఆట ఎంత అసలులా మారుతూ వచ్చిందో, దెబ్బలు అంత తక్కువగా కనబడసాగాయి.

అసలు మైదానంలో మాత్రం దెబ్బలు మాయం కాలేదు. 2002లో మైక్ వెబ్‌స్టర్ అనే ప్రఖ్యాత ఆటగాడు యాభై ఏళ్లకే చనిపోయాడు. చివరి ఏళ్లలో మతిస్థిమితం దెబ్బతిని నానా అవస్థలూ పడ్డాడు. పిట్స్‌బర్గ్‌లో శవపరీక్ష చేసిన నైజీరియా వైద్యుడు బెన్నెట్ ఒమాలు ఆ మెదడుని పరిశీలించి, తలకి పదేపదే తగిలే దెబ్బల వల్ల మెదడు క్షీణించే జబ్బు అందులో ఉందని తేల్చాడు. 2005లో దాన్ని వైద్యపత్రికలో ప్రచురించాడు. లీగ్ పెద్దలు మొదట కొట్టిపారేశారు. వేలమంది మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. నష్టపరిహారం ఒప్పందానికి 2015లో న్యాయమూర్తి ఆమోదముద్ర వేశారు. 1993లో 'ఆటాడితే చచ్చిపోతారు' అని బొమ్మల్లో చూపించి నవ్వించిన సంగతి పూర్తిగా అబద్ధమేమీ కాదని అప్పటికి అందరికీ తెలిసింది.

సెనేట్‌లో టీవీ గేములు

ఆట వచ్చిన ఏడాదే, 1993 డిసెంబరులో అమెరికా సెనేట్‌లో వీడియోగేముల మీద విచారణ జరిగింది. జోసెఫ్ లీబర్‌మన్, హెర్బర్ట్ కోల్ అనే సెనేటర్లు పట్టుబట్టారు. పిల్లల చేతుల్లో ఇంత రక్తపాతమా అన్నది వాళ్ల ప్రశ్న. ముద్దాయిల బోనులో ముందు నిలబడ్డవి 'మోర్టల్ కాంబాట్', 'నైట్ ట్రాప్' అనే ఆటలు. ప్రభుత్వం చట్టం చేసేలోపే పరిశ్రమ తనంతట తానే 1994లో వయసుల వారీగా ముద్రలు వేసే సంస్థని పెట్టుకుంది. మన సినిమాలకి 'యు', 'ఎ' ఉన్నట్టే అన్నమాట. ఇప్పుడు ఆ డబ్బాల మీద 'ఈ' అని ఉంటే అందరూ ఆడొచ్చు. 'టి' అంటే పదమూడేళ్లు, 'ఎం' అంటే పదిహేడేళ్లు నిండాలి. సెల్‌ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పిల్లలకి ఆట కొనిచ్చే ముందు వయసు ముద్ర చూడటానికి అర నిమిషం పట్టదు.

పేరు తనది కాదు

మ్యూటెంట్ లీగ్‌కి మంచి పేరే వచ్చింది. 1994లో 'మ్యూటెంట్ లీగ్ హాకీ' వచ్చింది. అదే ఏడాది టీవీలో కార్టూన్ మొదలై 1996 దాకా సాగింది. అందులో కథానాయకుడి పేరు బోన్స్ జస్టిస్. ఆ తరవాత... అంతే. కొత్త ఆట రాలేదు. 2006లో సోనీ చేతియంత్రం కోసం పాత ఆటలన్నీ గుదిగుచ్చిన సంకలనంలో దీన్నీ చేర్చారు.

మెండ్‌హైమ్ మాత్రం దాన్ని వదల్లేదు. చిక్కల్లా హక్కుల దగ్గర. సినిమాకి కథ ఎవరిదైనా సినిమా నిర్మాతది అయినట్టే, ఆట ఊహించింది తనైనా 'మ్యూటెంట్ లీగ్' పేరు సంస్థది. అందులోని పాత్రల్నీ వాడుకోవడానికి లేదు. దాంతో పేరులోని మాటల్ని అటూ ఇటూ మార్చి 'మ్యూటెంట్ ఫుట్‌బాల్ లీగ్' అన్నాడు. డబ్బు కోసం 2013లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనాన్ని చందాలడిగాడు. అక్కడి పద్ధతి కాస్త కఠినం. ముందే ప్రకటించిన మొత్తం గడువులోగా పోగవ్వాలి. కాకపోతే ఒక్క డాలరూ చేతికి రాదు. పెళ్లి ఆగిపోతే చదివింపులు వెనక్కి ఇచ్చేసినట్టే. ఆ ఏడాది పెళ్లి ఆగిపోయింది.

నాలుగేళ్లు ఆగాడు. ఈసారి ముందే కొంత ఆటని తయారుచేసి, కోరికని బాగా తగ్గించుకుని 2017లో మళ్లీ అడిగాడు. పాత అభిమానులు ఇచ్చారు. 1993లో టీవీ ముందు కూర్చున్న పిల్లలు అప్పటికి సంపాదనపరులయ్యారు మరి! అదే ఏడాది కంప్యూటర్‌కీ, 2018లో మిగతా యంత్రాలకీ ఆట విడుదలైంది. వ్యాఖ్యానం చెప్పింది టిమ్ కిట్జ్‌రో. 90ల్లో 'ఎన్‌బీఏ జామ్' అనే బాస్కెట్‌బాల్ ఆటకి గొంతిచ్చిన వాడే. ఈసారి మాటలు మాత్రం బూతులు. పిల్లలున్న ఇంట్లో గట్టిగా పెట్టి ఆడే ఆట కాదిది.

ఆ తరవాత దీనికి రెండో భాగం పనీ మొదలుపెట్టారు. 1993లో బోన్స్ జాక్సన్ ఆడిన చోట ఇప్పుడు వేరే పేర్లతో వేరే అస్థిపంజరాలు ఆడుతున్నాయి. మందుపాతరలు ఉన్నాయి. రిఫరీకి లంచమూ ఉంది. ఒకే టీవీ ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే వీలు కూడా ఉంచారు. లంచం ఎవరు ముందు ఇస్తారన్న దాని మీదే ఆ ఇద్దరికీ సగం గొడవ.